ఆమోదిత సరఫరాదారుకు డబ్బు కట్టడం ఎలా: హోటల్ ఫ్రాంచైజీ యజమానికి సమగ్ర మార్గదర్శి

పరుపులు దిగాయి, వెనకే బిల్లు వచ్చింది. ఆర్డరు పెట్టింది బ్రాండ్ వాళ్ల కొనుగోలు పోర్టల్‌లో. బిల్లు మీద ఉన్నది పరుపుల తయారీ సంస్థ పేరు. డబ్బు జమ చేయమన్న ఖాతా మాత్రం మూడో సంస్థది. కొత్తగా ఫ్రాంచైజీ తీసుకున్న యజమాని ఆ కాగితం చేతిలో పట్టుకుని ‘ఎంత కట్టాలి?’ అని అడుగుతాడు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘మనం ఎవరికి బాకీ?’

హోటల్ ఫ్రాంచైజీలో ‘ఆమోదిత సరఫరాదారు’ అంటే బ్రాండ్ ప్రమాణాలకు తగిన సరుకు ఇవ్వగలడని బ్రాండ్ సంస్థ ఒప్పుకున్న అమ్మకందారు. అంతకు మించి ఏమీ కాదు. ఆ మాట సరుకు గురించి చెబుతుంది, డబ్బు గురించి ఏమీ చెప్పదు. మీరు కట్టకపోతే బ్రాండ్ మీ తరఫున కట్టదు. అడ్వాన్సు తీసుకున్న సరఫరాదారు మధ్యలో దివాలా తీస్తే, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఆ డబ్బు బ్రాండ్ తిరిగి ఇవ్వదు. గుమ్మం మీద పేరు వాళ్లదే అయినా బాకీ మీదే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

డబ్బు వెళ్లే మూడు దారులు

ఫ్రాంచైజీ హోటల్ కొనుగోళ్లలో డబ్బు సాధారణంగా మూడు దారుల్లో పోతుంది. ఒకే హోటల్లో ఒకే నెలలో మూడూ నడుస్తుంటాయి కాబట్టే గందరగోళం.

మొదటిది నేరు దారి. ధర, నాణ్యత బ్రాండ్ మాట్లాడి పెడుతుంది. ఆర్డరు, బిల్లు, చెల్లింపు మాత్రం మీకూ సరఫరాదారుకూ మధ్యే. దుప్పట్లు, తువాళ్లు, సబ్బులు, శుభ్రపరిచే రసాయనాలు, వంటగది సరుకులు ఎక్కువగా ఇలాగే వస్తాయి.

రెండోది కొనుగోలు సంస్థ ద్వారా. కొన్ని బ్రాండ్లకు సొంత కొనుగోలు విభాగాలు ఉన్నాయి. హిల్టన్‌కు ‘హిల్టన్ సప్లై మేనేజ్‌మెంట్’ అలాంటిదే. కొన్ని సంస్థలు కలిసి ఒక ఉమ్మడి కొనుగోలు సంస్థ పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. మారియట్, హయత్ తదితర సంస్థలు 2001లో నెలకొల్పిన అవెండ్రా ఇందుకు పేరున్న ఉదాహరణ. దాన్ని 2017లో అరామార్క్ కొనుక్కుంది. ఈ దారిలో తప్పకుండా తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మధ్యలో ఉన్న సంస్థ మీ ఏజెంటుగా మీ తరఫున కొంటున్నదా, లేక తానే కొని మీకు తిరిగి అమ్ముతున్నదా? ఏజెంటు అయితే, మీరు ఇచ్చిన డబ్బు అతడు సరఫరాదారుకు చేర్చకపోయినా సరఫరాదారు మీ గుమ్మం ఎక్కే ప్రమాదం ఉంది. తిరిగి అమ్మే సంస్థ అయితే దానికి కట్టడంతో మీ బాధ్యత తీరుతుంది. సరుకు బాగా లేకపోతే గొడవ పడాల్సిందీ దానితోనే. ఒప్పందంలో ‘ఏజెంటుగా’ అన్న ఒక్క మాట ఉందో లేదో వెతకండి. పోర్టల్ అందంగా ఉందని ఈ పని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

మూడోది బ్రాండ్ నెలవారీ స్టేట్‌మెంటు. రిజర్వేషన్ వ్యవస్థ, హోటల్ నిర్వహణ సాఫ్ట్‌వేర్, శిక్షణ రుసుములు, సభ్యుల పాయింట్ల పథకం ఖర్చు వంటివి రాయల్టీతో, అంటే బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కట్టే రుసుముతో, కలిసి ఒకే కాగితం మీద వస్తాయి. వీటిలో కొన్నిటి వెనక బయటి సరఫరాదారులే ఉంటారు, కానీ వసూలు చేసేది బ్రాండ్. ఇక్కడ బకాయి పడితే అది మామూలు వ్యాపార బాకీగా మిగలదు, ఫ్రాంచైజీ ఒప్పందాన్నే ఉల్లంఘించినట్టు అవుతుంది.

పనికి దిగే ముందు ఒక పట్టిక తయారు చేసుకోండి. ప్రతి సరఫరాదారు పేరు పక్కన ఎవరు ఆర్డరు తీసుకుంటారు, ఎవరు బిల్లు ఇస్తారు, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళుతుంది అని మూడు గడులు పెట్టండి. మూడు గడుల్లో మూడు పేర్లున్న వరుసలు కనిపిస్తే వాటి ఒప్పందాలే ముందు తెరవాలి.

మొదటి మెట్టు: సంతకానికి ముందే చదవాల్సిన పేజీలు

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, సంతకానికో డబ్బు చేతులు మారడానికో కనీసం 14 రోజుల ముందు వెల్లడి పత్రం ఇవ్వాలి. అందులో 23 అంశాలుంటాయి. కొనుగోళ్ల సంగతి 8వ అంశంలో ఉంటుంది. ఏయే వస్తువులు ఎవరి దగ్గరే కొనాలి, బ్రాండ్‌కు గానీ దాని అనుబంధ సంస్థలకు గానీ ఆ కొనుగోళ్ల మీద ఆదాయం వస్తుందా, వస్తే ఎంత, బ్రాండ్ అధికారులకు ఏ సరఫరా సంస్థలోనైనా వాటా ఉందా, ప్రత్యామ్నాయ సరఫరాదారును ఎలా ఆమోదిస్తారు, అందుకు ఎంత సమయం తీసుకుంటారు అన్నవన్నీ అక్కడ చెప్పాలి. 6వ అంశంలో ఇతర రుసుములు, 7వ అంశంలో ప్రారంభ పెట్టుబడి అంచనా, 10వ అంశంలో బ్రాండ్ ఇచ్చే అప్పు సదుపాయాలు ఉంటాయి. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. విడివిడిగా చదివితే ఏ ఖర్చు ఎక్కడ రెండోసారి వచ్చిందో కనిపించదు.

ఇలాంటి పత్రం తప్పనిసరి కాని దేశాల్లో అవే ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. నోటి మాటగా ‘అదంతా మేము చూసుకుంటాం’ అని చెప్పిన ప్రతినిధి రెండేళ్ల తర్వాత ఆ ఉద్యోగంలో ఉండడు.

చదివేటప్పుడు కొనాల్సిన వస్తువులను మూడు కుప్పలుగా విడదీయండి. బ్రాండ్ చెప్పిన ఒకే ఒక్కరి దగ్గర కొనాల్సినవి ఒక కుప్ప. ఆమోదిత జాబితాలో ఎవరి దగ్గరైనా కొనదగినవి రెండో కుప్ప. నాణ్యతా ప్రమాణం మాత్రమే చెప్పి, ఎక్కడ కొన్నా ఫరవాలేదన్నవి మూడో కుప్ప. చెల్లింపు షరతుల మీద బేరమాడే శక్తి మొదటి కుప్పలో దాదాపు ఉండదు, మూడో కుప్పలో పూర్తిగా ఉంటుంది. గడువు పెంచమని అడిగే శ్రమ రెండు, మూడు కుప్పల మీద పెట్టండి.

ఫ్రాంచైజీ ఒప్పందంలో ఇంకో రెండు షరతులు వెతకాలి. బ్రాండ్ అనుబంధ సంస్థకు బాకీ పడితే ఫ్రాంచైజీ ఒప్పందాన్నే రద్దు చేయవచ్చన్న షరతు ఉందా అన్నది ఒకటి. మీకు రావలసిన డబ్బును మీరు ఇవ్వాల్సిన దానిలో సర్దుకునే హక్కు ఎవరికి ఉందన్నది రెండోది. రెండో హక్కు చాలా ఒప్పందాల్లో బ్రాండ్‌కు మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు సభ్యుల పాయింట్లతో ఉచితంగా బస చేసిన అతిథి గదికి బ్రాండ్ మీకు ఇవ్వాల్సిన సొమ్ము ఇంకా రాలేదని రాయల్టీలో మినహాయించుకుంటే ఉల్లంఘన మీదవుతుంది.

రెండో మెట్టు: అరువు ఖాతా తెరవడం

ఆమోదిత జాబితాలో సరఫరాదారు పేరు ఉన్నంత మాత్రాన అతడు మీకు అరువు ఇవ్వడు. దరఖాస్తు నింపాలి, బ్యాంకు వివరాలు ఇవ్వాలి, ఇంతకు ముందు అరువు ఇచ్చిన రెండు మూడు సంస్థల పేర్లు చెప్పాలి. కొత్త హోటల్‌కు చరిత్ర ఉండదు కాబట్టి మొదటి ఆర్డర్లకు ముందుగానే డబ్బు కట్టమంటారు. ప్రారంభోత్సవానికి కావలసిన సరుకంతా ఇలా నగదు మీదే రావచ్చని ముందే అనుకుని డబ్బు సిద్ధం చేసుకోండి.

ఖాతా ఎవరి పేరున తెరుస్తున్నారో అక్షరం పొల్లుపోకుండా చూడాలి. గుమ్మం మీద బ్రాండ్ పేరు, ఆస్తి ఒక కంపెనీది, నడిపేది ఇంకో నిర్వహణ సంస్థ. బిల్లు మీద ఉండాల్సింది ఫ్రాంచైజీ ఒప్పందంలో సంతకం చేసిన కంపెనీ పూర్తి పేరు. నిర్వహణ సంస్థ సంతకం చేస్తే ‘ఫలానా యజమాని తరఫున ఏజెంటుగా’ అని రాయించాలి. ఇది లేకపోతే రేపు నిర్వహణ సంస్థ మారినప్పుడు పాత బాకీలు ఎవరివన్న దాని మీద ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. పన్ను మినహాయింపులకు, పన్ను జమకు కూడా పేరు, నమోదు సంఖ్య సరిగ్గా ఉండాలి.

దరఖాస్తు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వ్యక్తిగత పూచీ ఉంటుంది. కంపెనీ కట్టలేకపోతే డైరెక్టరు సొంత ఆస్తి నుంచి కడతాడని దాని అర్థం. చాలామంది దాన్ని మామూలు సంతకం అనుకుని పెట్టేస్తారు. తీసేయమని అడగండి. ఒప్పుకోకపోతే గరిష్ఠ మొత్తం రాయించండి. ఏడాది పాటు గడువు దాటకుండా కట్టాక పూచీ రద్దు కావాలని షరతు పెట్టండి. అడిగితే ఒప్పుకునే సరఫరాదారులు అనుకున్న దానికన్నా ఎక్కువే ఉంటారు, ఎందుకంటే అడిగేవాళ్లు తక్కువ.

ఖాతా తెరిచేటప్పుడే మీ హోటల్‌కు బ్రాండ్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య సరఫరాదారు వ్యవస్థలో చేరిందో లేదో అడిగి తేల్చుకోండి. అది లేకపోతే బ్రాండ్ మాట్లాడిన ధర కాకుండా బయటి ధర పడుతుంది. మొదటి బిల్లును ధరల పట్టికతో వరుస వరుసా సరిపోల్చడం ఒక గంట పని. ఆ గంట దాటవేస్తే ఏడాది పొడవునా అదనపు ధర కట్టే అవకాశం ఉంది.

మూడో మెట్టు: గడువు లెక్క

‘30 రోజుల గడువు’ అన్నప్పుడు ఏ రోజు నుంచి 30 అన్నదే అసలు సంగతి. బిల్లు తేదీ నుంచా, సరుకు చేరిన రోజు నుంచా, బిల్లు మీ చేతికి అందిన రోజు నుంచా? సరుకు దారిలో 12 రోజులు పట్టిందనుకోండి. బిల్లు తేదీ నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది 18 రోజులే. సరుకు చేరిన తేదీ గానీ సరైన బిల్లు అందిన తేదీ గానీ, రెంటిలో ఏది తర్వాతైతే అక్కడి నుంచి గడువు మొదలవ్వాలని రాయించుకోవడం మంచిది.

ముందుగా కడితే తగ్గింపు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే 30 రోజుల్లో పూర్తి మొత్తం అన్నది బాగా వాడుకలో ఉన్న షరతు. 2 శాతమేగా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. బిల్లు 1,00,000 అయితే పదో రోజున 98,000 కడితే చాలు. ఆ 98,000ను ఇంకో 20 రోజులు మీ దగ్గరే ఉంచుకున్నందుకు చెల్లించే ధర 2,000. ఏడాదికి లెక్కేస్తే అది సుమారు 37 శాతం వడ్డీ. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు తీసుకునైనా పదో రోజున కట్టడమే లాభం. అయితే తగ్గింపు కోసం సరుకు పరీక్షించకుండా కట్టకూడదు. పాడైన సరుకుకు డబ్బు వెనక్కి రాబట్టడానికి పట్టే తిప్పలు ఆ 2 శాతం కంటే ఖరీదు.

ఆలస్యానికి చట్టం కూడా హద్దులు పెడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి ఆలస్య చెల్లింపుల ఆదేశం ప్రకారం వ్యాపార సంస్థల మధ్య గడువు సాధారణంగా 60 రోజులు దాటకూడదు. భారతదేశంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కింద నమోదైన సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి గడువు పెట్టడానికి వీల్లేదు. దాటితే చక్రవడ్డీ పడుతుంది. మీ హోటల్ ఉన్న చోట అలాంటి హద్దు ఏదైనా ఉంటే, ఒప్పందంలో 90 రోజులని రాసుకున్నామన్న ధీమా పనికిరాదు.

నాలుగో మెట్టు: మూడు కాగితాలు కలవాలి

ఇక రోజువారీ పని. కొనుగోలు ఆర్డరు, సరుకు అందుకున్న పత్రం, సరఫరాదారు బిల్లు: ఈ మూడూ వస్తువు, సంఖ్య, ధర విషయంలో కలిస్తేనే చెల్లింపుకు వెళ్లాలి. ఇది లెక్కల పాఠ్యపుస్తకంలో ఉన్నదే. హోటల్లో అది తప్పేది మాత్రం రెండో కాగితం దగ్గర.

సరుకు హోటల్ వెనక గుమ్మం దగ్గరికి తెల్లవారుజామున వస్తుంది. దించుకునేవాడు వంటగది మనిషో, కాపలా మనిషో. డ్రైవరు తొందర పెడతాడు, వీడు సంతకం చేస్తాడు. ఆ సంతకంతో ‘పూర్తి సరుకు మంచి స్థితిలో అందింది’ అని హోటల్ ఒప్పుకున్నట్టే. తువాళ్లు 40 కట్టలు రావాల్సింది 38 వచ్చాయని హౌస్‌కీపింగ్ వాళ్లు మధ్యాహ్నం చెప్పేసరికి చేతిలో రుజువు ఉండదు. సంతకం చేసే అధికారం ఇద్దరు ముగ్గురికి మాత్రమే ఇవ్వండి. వాళ్లు కట్టలు లెక్కపెట్టి, తూకం వేయాల్సినవి తూకం వేసి, తేడా ఉంటే డ్రైవరు ముందే డెలివరీ పత్రం మీద రాసి, దాని ఫోటో అకౌంట్స్ విభాగానికి పంపాలి. లోపల ఏముందో తెలియని పెట్టె అయితే ‘తెరిచి చూడలేదు’ అని రాసి సంతకం చేయడం అలవాటు చేయండి. ఆర్డరు పెట్టినవారు, సరుకు దించుకున్నవారు, చెల్లింపుకు ఆమోదం ఇచ్చేవారు ఒకరే కాకూడదు. చిన్న హోటల్లో మనుషులు తక్కువే. కనీసం మూడో పని యజమాని చేతిలో ఉండాలి.

తేడా వచ్చినప్పుడు బిల్లు మొత్తం ఆపేయడం తొందరపాటు. తేడా ఉన్న భాగానికి క్రెడిట్ నోట్, అంటే బిల్లులో అంత మొత్తం తగ్గించినట్టు సరఫరాదారు ఇచ్చే పత్రం, అడిగి, వివాదం లేని భాగం గడువులోగా కట్టేయండి. మొత్తం ఆపితే సరఫరాదారు దృష్టిలో మీరు బకాయిదారు. కొంత కట్టి మిగతాదానికి కారణం రాసి పంపితే తప్పు సరిదిద్దాల్సినవాడు అతడు. అభ్యంతరం తెలపడానికి ఎన్ని రోజులో కూడా షరతుల్లో ఉంటుంది. పాడయ్యే సరుకుకు అది ఒక్క రోజు కూడా కావచ్చు.

తగ్గించుకునేటప్పుడు ఊహ మీద తగ్గించవద్దు. క్రెడిట్ నోట్ సంఖ్య చేతికి వచ్చాకే, ఆ సంఖ్య చెల్లింపు వివరంలో రాసి తగ్గించండి. లేకపోతే సరఫరాదారు ఖాతాలో అది తక్కువ చెల్లింపుగా మిగిలి, మూడు నెలల తర్వాత వడ్డీతో తిరిగి వస్తుంది.

ఐదో మెట్టు: ఏ రూపంలో కట్టాలి

ఖాతా నుంచి ఖాతాకు బదిలీ చౌక, జాడ స్పష్టంగా ఉంటుంది. ఎక్కువ చెల్లింపులకు అదే సరి. చెక్కు ఇంకా చాలా చోట్ల నడుస్తున్నా, పోవడానికీ మార్చడానికీ వీలున్న సాధనం. కార్డుతో కడితే కార్డు గడువు వల్ల మరికొన్ని రోజులు కలిసి వస్తాయి గానీ, సరఫరాదారు అదనపు రుసుము వేస్తాడేమో చూసుకోవాలి. ఒక్క చెల్లింపుకే పనికొచ్చే సంఖ్యతో బ్యాంకులు ఇచ్చే వర్చువల్ కార్డు, కొత్త సరఫరాదారుతో మొదటి లావాదేవీకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే నిర్ణయించిన మొత్తం దాటి ఎవరూ లాగలేరు.

ఆటోమేటిక్ డెబిట్ గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బ్రాండ్ నెలవారీ స్టేట్‌మెంటుకు అది చాలాసార్లు తప్పనిసరి. తప్పనిసరి కాని సరఫరాదారులకు ఆ అనుమతి ఇవ్వకండి. ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయాక వాదించడం, వెళ్లకముందు వాదించడం ఒకటి కాదు. ఇవ్వక తప్పకపోతే దానికి ఒక ప్రత్యేక ఖాతా తెరిచి, ఆ నెల బిల్లుకు సరిపడా మాత్రమే అందులో ఉంచండి. జీతాల ఖాతా నుంచి అసలే వద్దు.

చెల్లింపు పంపినప్పుడు ఏ బిల్లు సంఖ్యలకు ఎంత కట్టారో వివరం విడిగా పంపాలి. అది లేకపోతే సరఫరాదారు గుమస్తా అన్నిటికంటే పాత బిల్లుకు జమ వేస్తాడు. అది మీరు వివాదంలో పెట్టిన బిల్లే అయితే, మీకు తెలియకుండానే ఆ వివాదం చెల్లిపోయినట్టు లెక్కలో కనిపిస్తుంది.

ఆరో మెట్టు: గదులు మార్చే పెద్ద కొనుగోళ్లు

మంచాలు, కుర్చీలు, తివాచీలు, దీపాలు, బోర్డుల కొనుగోలు వేరే లోకం. బ్రాండ్ పునరుద్ధరణ ప్రణాళిక ఇచ్చినప్పుడో కొత్త హోటల్ కట్టేటప్పుడో ఇవి ఒక్కసారిగా వస్తాయి. ఇందులో పోయే డబ్బు ఏడాది సబ్బుల్లో, తువాళ్లలో పోయేదానికి ఎన్నో రెట్లు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది ముందు ఆలోచించాలి. చాలా ఒప్పందాలు, అప్పు పత్రాలు హోటల్ మొత్తం ఆదాయంలో ఒక శాతాన్ని, తరచుగా 4 శాతాన్ని, సామగ్రి మార్పిడి నిధిలో వేయమంటాయి. ఆ నిధి అప్పు ఇచ్చిన బ్యాంకు చేతిలో ఉంటే మీరు నేరుగా తీయలేరు. బిల్లులు, పని పూర్తయిన రుజువు, గుత్తేదారులకు బాకీ లేదన్న పత్రాలు జతచేసి విడుదల కోరాలి. బ్యాంకు పరిశీలనకు వారాలు పట్టవచ్చు. సరఫరాదారు మాత్రం ఆర్డరుతో పాటే అడ్వాన్సు అడుగుతాడు. ఈ రెండు తేదీల మధ్య ఖాళీని ఎలా పూడ్చాలో ఆర్డరు పెట్టక ముందే తేలాలి. కొన్ని బ్యాంకులు అడ్వాన్సులకు నిధి విడుదల చేయవు, గోదాములో ఉన్న సరుకుకు బీమా పత్రం లేనిదే కట్టవు. బ్యాంకును ముందే అడగండి.

గదుల సామగ్రికి ఆర్డరుతో సగం అడ్వాన్సు, రవాణాకు ముందు మిగతా సగం అన్నది తయారీదారులు మామూలుగా అడిగే పద్ధతి. అంటే కుర్చీ ఒక్కటి కూడా చూడకముందే మొత్తం డబ్బు వెళ్లిపోతుంది. దీన్ని ముక్కలు చేయమని పట్టుబట్టండి. ఆర్డరుకు కొంత, నమూనా గది బ్రాండ్ ఆమోదం పొందాక కొంత, రవాణాకు సిద్ధమయ్యాక కొంత, గదిలో అమర్చి లోపాలు సరిచేశాక చివరి భాగం. ఆ చివరి భాగం 10 శాతమే అయినా, విరిగిన హ్యాండిలు మార్చడానికి మనిషిని పంపించేది అదే. నమూనా గదిని బ్రాండ్ డిజైన్ విభాగం తిరస్కరిస్తే ఖర్చు ఎవరిదన్నది కూడా ఆర్డరులో రాయాలి. ‘ఆమోదిత’ తయారీదారు చేసిన కుర్చీ కూడా రంగు తేడాతో తిరస్కరణకు గురికావచ్చు.

కొనుగోలు ఏజెంటు ద్వారా వెళితే మీ అడ్వాన్సు ఏజెంటు సొంత ఖాతాలో కలవకుండా, మీ ప్రాజెక్టు పేరున విడి ఖాతాలో ఉండాలని షరతు పెట్టండి. సరఫరాదారుకు డబ్బు చేరిన రుజువు ప్రతి చెల్లింపుకూ అడగండి. ఏజెంటు రుసుము సరుకు ధర మీద శాతమైతే, రవాణా, పన్నుల మీద కూడా ఆ శాతం పడుతుందా అన్నది చూడండి. ఆ ఒక్క మాట దగ్గర బోలెడు డబ్బు పోతుంది.

విదేశం నుంచి వచ్చే సరుకుకు ఎల్‌సీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, ఉపయోగపడుతుంది. మీ బ్యాంకు పూచీ ఇస్తుంది, సరఫరాదారు షరతులో చెప్పిన పత్రాలు చూపిస్తేనే డబ్బు విడుదలవుతుంది. ఎల్‌సీలకు అంతర్జాతీయంగా పాటించే, 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమాల ప్రకారం పత్రాలు పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా 5 పనిదినాలు ఉంటాయి. ఒకటి గుర్తుంచుకోవాలి: బ్యాంకు చూసేది పత్రాలనే, పెట్టెలో ఏముందో దానికి పట్టదు. స్వతంత్ర తనిఖీ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రాన్ని అడిగే పత్రాల జాబితాలో చేర్చితే ఆ లోటు తీరుతుంది. రవాణాలో నష్టం ఎక్కడి నుంచి ఎవరిదన్నది ఇన్‌కోటర్మ్స్ 2020 అనే అంతర్జాతీయ వాణిజ్య పదాల్లో ఏదో ఒకటి వాడి స్పష్టంగా రాయండి.

లెక్కల్లో వీటిని నెల ఖర్చులో కలపకూడదు. హోటల్ రంగంలో 1926 నుంచి కొనసాగుతున్న ఏకరూప లెక్కల పద్ధతి నడుపుదల ఖర్చును, ఆస్తి కొనుగోలును వేరుచేసి చూపిస్తుంది. తివాచీల బిల్లు హౌస్‌కీపింగ్ ఖర్చులో పడితే ఆ నెల లాభమంతా మాయమై, బ్యాంకు నుంచి అనవసరమైన ఫోను వస్తుంది.

రిబేట్లు ఎవరి జేబులోకి

సరఫరాదారులు అమ్మకం మొత్తం మీద కొంత వెనక్కి ఇస్తారు. అది మూడు రకాలుగా వెళ్లవచ్చు: మీ బిల్లులోనే తగ్గి రావచ్చు, త్రైమాసికానికో ఏడాదికో మీకు చెక్కుగా రావచ్చు, లేదా బ్రాండ్‌కు వెళ్లవచ్చు. మూడోది తనంతట తాను తప్పు కాదు. కొన్ని బ్రాండ్లు ఆ డబ్బుతో కొనుగోలు విభాగాన్ని నడుపుతాయి, కొన్ని సదస్సులకు వాడతాయి. కానీ అది ఎంతో మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ రిబేటు కూడా మీరు కట్టే ధరలోంచే వస్తుంది. అమెరికా వెల్లడి పత్రంలో 8వ అంశం ఉన్నది ఇందుకే.

మీకు రావలసిన రిబేటు ఏ నెల కొనుగోలుకు ఎంత శాతమో రాసుకుని, వచ్చినప్పుడు సరిపోల్చండి. గడువు దాటి కట్టినవారికి రిబేటు ఉండదన్న షరతు ఉండవచ్చు. అప్పుడు రెండు రోజుల ఆలస్యం ఏడాది రిబేటునే మింగేస్తుంది. నిర్వహణ సంస్థ ఉంటే, ఆ చెక్కు ఎవరి చిరునామాకు వెళుతోందో కూడా చూసుకోండి.

ఖాతా మారిందన్న ఉత్తరం

‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ ఖాతాకు పంపగలరు.’ సరఫరాదారు చిరునామా నుంచే, అతని లోగోతోనే, పాత ఉత్తరానికి జవాబుగానే వస్తుంది. హోటళ్లలో ఇది బాగా పారుతుంది, ఎందుకంటే సరఫరాదారులు ఎక్కువ, అకౌంట్స్‌లో మనుషులు తక్కువ, పైగా ఎవరు ఆమోదిత సరఫరాదారో బయటివాళ్లకూ తెలుసు. వ్యాపార ఈమెయిళ్ల ద్వారా జరిగే ఇలాంటి మోసాల్లో 2023లో 290 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినట్టు అమెరికా ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు అందాయి.

నియమం ఒక్కటే, మినహాయింపు లేదు. ఖాతా మార్పు ఏదైనా సరే, ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకు కాకుండా ఖాతా తెరిచినప్పుడు మీరు రాసుకున్న నంబరుకు ఫోను చేసి, తెలిసిన మనిషితో మాట్లాడి నిర్ధారించాలి. ఇద్దరి ఆమోదం ఉండాలి. మార్పు తర్వాత మొదటి చెల్లింపు చిన్న మొత్తం పంపి, అందిందని విన్నాకే మిగతాది. ‘ఈరోజే కట్టకపోతే రవాణా ఆగిపోతుంది’ అని తొందర పెడితే, సరిగ్గా అందుకే ఆగండి. మోసపోయి కట్టినా అసలు సరఫరాదారు బాకీ తీరదు, మళ్లీ కట్టాల్సిందే.

డబ్బు సరిపోని నెల

అతిథులు తక్కువ ఉండే కాలం ఏ హోటల్‌కైనా వస్తుంది. అందరికీ కొంచెం కొంచెం ఇచ్చి నెట్టుకొద్దామనుకుంటే ఎవరూ తృప్తి పడరు. ఎవరికి కట్టకపోతే హోటల్ ఆగిపోతుందో ఆ వరుసలో వెళ్లాలి. జీతాలు, పన్నులు, బీమా తర్వాత బ్రాండ్ స్టేట్‌మెంటు వస్తుంది, ఎందుకంటే రిజర్వేషన్ వ్యవస్థ ఆగితే గదులు నిండే దారే మూసుకుపోతుంది. ఆ తర్వాత ప్రత్యామ్నాయం లేని ఒకే సరఫరాదారులు. ఆమోదిత జాబితాలో మరొకరున్న వస్తువులు చివర. అంటే మొదటి మెట్టులో విడదీసిన కుప్పలు ఇక్కడ మళ్లీ పనికొస్తాయి.

గడువుకు ముందే ఫోను చేసి, తేదీలతో కూడిన వాయిదాల ప్రణాళిక రాసి పంపండి. గడువు దాటాక చేసే ఫోనుకు విలువ సగం. మొదటి వాయిదా తప్పనిసరిగా చేరేలా చిన్నదిగా పెట్టండి. ఖాతా ఆపేశాక మళ్లీ తెరవడానికి సరఫరాదారు ఈసారి కచ్చితంగా వ్యక్తిగత పూచీ అడుగుతాడు. ఆమోదిత సరఫరాదారు సరుకు ఆపాడని బయటి సరుకు తెచ్చి గదుల్లో పెడితే బ్రాండ్ తనిఖీలో మార్కులు పోతాయి. అలాంటి పరిస్థితి వస్తే బ్రాండ్ ప్రతినిధికి ముందే రాసి తాత్కాలిక అనుమతి కోరండి.

హోటల్ అమ్మేటప్పుడు, బ్రాండ్ మారేటప్పుడు

ఇక్కడ చాలామంది చివరి రోజు వరకూ పట్టించుకోరు. కనీసం మూడు నెలల ముందు ప్రతి సరఫరాదారు నుంచి బాకీ స్టేట్‌మెంటు తెప్పించి మీ పద్దుతో సరిచూడండి. దారిలో ఉన్న ఆర్డర్లు, ముద్ర వేయించిన సామగ్రి తిరిగి తీసుకుంటారా లేదా అడగండి. బ్రాండ్ పేరు అచ్చేసిన తువాళ్లు, సబ్బులు సాధారణంగా వెనక్కి తీసుకోరు, కొత్త బ్రాండ్ కింద వాడుకోవడానికీ వీల్లేదు. కాబట్టి ఆరు నెలల ముందు నుంచే చిన్న ఆర్డర్లు పెట్టాలి. కొత్త యజమాని మీ ఖాతా మీదే ఆర్డర్లు కొనసాగించకుండా, చేతులు మారే రోజు తేదీతో ప్రతి ఖాతా మూసేయమని రాతపూర్వకంగా చెప్పండి. ఆటోమేటిక్ డెబిట్ అనుమతులు బ్యాంకులోనూ రద్దు చేయించాలి. సరఫరాదారుకు చెప్పినంత మాత్రాన చాలదు. రెండో మెట్టులో పెట్టిన వ్యక్తిగత పూచీ హోటల్ అమ్మినంత మాత్రాన రద్దు కాదు. దాన్ని విడుదల చేస్తున్నట్టు సరఫరాదారు సంతకం చేసిన ఉత్తరం ఒక్కొక్కరి దగ్గర నుంచీ తీసుకుని ఫైల్లో పెట్టాకే అమ్మకం పత్రం మీద సంతకం చేయండి.